మూడు రోజుల టూరు, మునిగిన ఊళ్ళు: మా నందికొట్కూరు పక్క ఒక యాత్ర

ఫిబ్రవరి వచ్చిందంటే ఆఫీసుల్లో టూర్ల గోల మొదలవుతుంది. జీతం ఎంత పెంచుతారో ఎలాగూ మన చేతుల్లో లేదు, కనీసం లీవులైనా సరిగ్గా వాడుకుందామని జనం ఎక్సెల్ షీట్లు తెరుస్తారు. ఎండ దండిగా ఉండాలి, చరిత్ర ఉండాలి, తిండి బాగుండాలి, ఫొటోలు బాగా రావాలి. ఈ నాలుగూ పెట్టి వెతికితే వచ్చే సమాధానాలు ఎప్పుడూ అవే: ఈజిప్టు, టర్కీ, గ్రీసు, స్పెయిను. ఒక గైడు జెండా పట్టుకుని ముందు నడుస్తాడు, వెనకాల ముప్పైమంది టోపీలు పెట్టుకుని నడుస్తారు. తప్పేం లేదు, నేనూ డబ్బులు కుదిరితే పోయేవాణ్ణే.

ఈ దేశాల్లో ఈజిప్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళందరూ తప్పకుండా చూపించే ఫొటో ఒకటుంది, అబూ సింబెల్. కొండలో చెక్కిన నాలుగు పెద్ద రామ్సెస్ విగ్రహాలు. నైలు నది మీద అస్వాన్ హై డ్యామ్ కడితే ఈ గుడి మునిగిపోతుందని యునెస్కో ప్రపంచమంతా చందాలు పోగుచేసింది. 1964 నుంచి 1968 దాకా గుడిని ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి జరిపి మళ్ళీ కట్టారు. గైడు ఈ కథ చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని వింటారు. ఆ డ్యామ్ వల్లే ఈజిప్టు, సూడాన్ రెండు వైపులా కలిపి లక్షమంది దాకా నూబియన్లు ఊళ్ళొదిలి పోయారన్న సంగతి మాత్రం చాలా ప్యాకేజీల్లో ఉండదు. గుడి కథకి అరగంట, మనుషుల కథకి అరనిమిషం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా ఇదే కథ మా ఊరి పక్కనే ఉంది. మాది నందికొట్కూరు. ఇంతకు ముందు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఇక్కడ కూడా ఎండ దండిగా ఉంటుంది (ఏప్రిల్, మే నెలల్లో మరీ ఎక్కువ దండిగా!). చరిత్రకి కొదవ లేదు. తిండి అంటారా, పొద్దున ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నం జొన్నరొట్టె, రాత్రికి రాగిసంగటి. డ్యాము ఉంది, మునిగిన గుడి ఉంది, తరలించిన గుళ్ళున్నాయి, తరలిన మనుషులూ ఉన్నారు. లేనిదల్లా ఆ కథ మొత్తం చెప్పే గైడు.

అందుకే హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో వచ్చేవాళ్ళకి సరిపోయేలా మూడు రోజుల టూరు ఒకటి ఇక్కడ రాస్తున్నాను. గుళ్ళ పేర్ల జాబితాలా కాకుండా నీళ్ళ వెంట నడిచే టూరు. మా పక్క చరిత్ర అర్థం కావాలంటే రాజుల పేర్లకంటే ముందు నీళ్ళు ఎటు నుంచి ఎటు పోయాయో తెలియాలి.

మనకంటే ముందొచ్చిన యాత్రికుడు

మా పక్కకి వచ్చి, చూసింది చూసినట్టు తెలుగులో రాసిపెట్టినవాళ్ళలో ముందుగా చెప్పుకోవలసిన పేరు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. మన భాషలో చెప్పాలంటే మంచి ఉద్యోగంలో ఉంటూ లాంగ్ లీవు పెట్టి తిరిగినవాడు. 1830 మే 18న మద్రాసులో కుటుంబంతో, బోయీలతో, పెద్ద పరివారంతో బయలుదేరి కాశీ దాకా వెళ్ళి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారిలో చూసినవన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపిస్తుండేవాడు. 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది అదే. అప్పటికి వీరాస్వామి లేడు, 1836లోనే పోయాడు.

ఆయన తిరుపతి, కడప, అహోబిలం, మహానంది మీదుగా వచ్చి ఆత్మకూరు దారిన శ్రీశైలం ఎక్కి దిగి, నివృత్తి సంగమం దగ్గర కృష్ణ దాటి హైదరాబాదు వైపు వెళ్ళాడు. నివృత్తి సంగమం అంటే మన సంగమేశ్వరం దగ్గరే. ఆయన రాసే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఈ ఊళ్ళో నీళ్ళు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, అంగళ్ళలో సామాన్లు దొరుకుతాయా, దారి రాళ్ళదా ఇసుకదా... వెనకాల వచ్చేవాళ్ళకి ఉపయోగపడే వివరాలన్నీ ఉంటాయి. ఇప్పటి ట్రావెల్ రివ్యూలలో ఉండేవి కూడా ఇవే కదా! శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు నవాబు తరఫున వసూలు చేసే పన్నుల సంగతి కూడా రాశాడు. అప్పటికి కర్నూలు ఇంకా నవాబు చేతిలోనే ఉంది, 1839లో కంపెనీవాళ్ళు ఆయన్ని దించేశారు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. వీరాస్వామి మద్రాసు నుంచి ఈ సంగమం దగ్గరికి వచ్చాడు. ఈ సంగమం నీళ్ళు ఇప్పుడు మద్రాసుకి పోతున్నాయి. అది రెండో రోజు చూద్దాం.

బయలుదేరే ముందు

ఈ టూరు తేదీలు క్యాలెండరు చూసి పెట్టుకునేవి కావు. అంతా ఒకే ఒక్క వేరియబుల్ మీద ఆధారపడి ఉంటుంది, శ్రీశైలం రిజర్వాయరు నీటిమట్టం. పూర్తి మట్టం 885 అడుగులు. సుమారు 840 అడుగుల కిందికి వస్తే గానీ సంగమేశ్వరం గుడి పూర్తిగా బయటపడదు. మామూలుగా ఎండాకాలం వచ్చేసరికి బయటపడి, వానాకాలంలో కృష్ణకి వరద రాగానే మళ్ళీ మునుగుతుంది. ఒక్కో ఏడు ఒక్కో రకం. కాబట్టి ముందు నీటిమట్టం చూసుకుని తర్వాత టికెట్లు బుక్ చేసుకోండి. పేపర్లలో రోజూ వేస్తారు.

మొదటి రోజు: నడిచొచ్చిన రాళ్ళు

కర్నూల్లో దిగగానే అందరూ కొండారెడ్డి బురుజు దగ్గర ఫొటో దిగుతారు, మీరూ దిగండి. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా ఇది ఆంధ్ర రాష్ట్ర రాజధాని. భవనాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిపారు. ఊరి పేరు మీద ఒక కథ ఉంది. అలంపురం గుళ్ళు కట్టడానికి బండ్ల మీద రాళ్ళు తోలుకుపోయేవాళ్ళు తుంగభద్ర దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకి కందెన వేసుకునేవాళ్ళట. అందుకని కందెనవోలు, అదే కందనవోలు, కర్నూలు. కథ నిజమైనా కాకపోయినా ఈ టూరుకి సరిగ్గా సరిపోతుంది. ఎందుకంటే అలంపురానికి రాళ్ళు తోలడం మళ్ళీ ఒకసారి జరిగింది, అదీ మన నాన్నల కాలంలో.

తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ, అక్కణ్ణుంచి కాసేపటికి అలంపురం. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, ఏడు ఎనిమిది శతాబ్దాల నాటివి. పేరుకి బ్రహ్మలు గానీ లోపల అందరూ శివుళ్ళే. తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, బాలబ్రహ్మ... ఒక్కోటీ నింపాదిగా చూడండి. మన దక్షిణాది గోపురాల్లా కాకుండా ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగిన శిఖరాలుంటాయి. రెండు శైలులూ దక్కనులో కలిసిన కాలం అది. ఒడిశా గుళ్ళు చూసినవాళ్ళకి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

అక్కడే ఊరి బయట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. దాని దగ్గర మాత్రం ఇంకో గంట కూర్చోండి. ఆ గుడి అక్కడిది కాదు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గర పదమూడు శతాబ్దాలు ఉన్న గుడి అది. శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోతుందని రాళ్ళకి నంబర్లు వేసి, విప్పి, తీసుకొచ్చి ఇక్కడ మళ్ళీ పేర్చారు. పాపనాశి గుళ్ళు కూడా అలాగే తరలించినవే. అవతలి గట్టున సోమశిల, జటప్రోలు గుళ్ళది కూడా ఇదే కథ. తిరిగి కర్నూలు వచ్చాక సాయంత్రం జగన్నాథగట్టు ఎక్కండి. అక్కడి శివాలయం కూడా సంగమేశ్వరం వైపు నుంచి తెచ్చి కట్టిందే, రూపాల సంగమేశ్వరుడి గుడి అంటారు.

అబూ సింబెల్ కంటే ఇదేం తక్కువ పని కాదు. యునెస్కో జెండా లేదు, ప్రపంచం నుంచి చందాలు రాలేదు. మన పురావస్తు శాఖల వాళ్ళు, మన స్థపతులు, మన కూలీలు చేశారు. దీని గురించి మన స్కూలు పుస్తకాల్లో ఒక పేరా అయినా ఉండాల్సింది.

రెండో రోజు: పారే నీళ్ళు

పొద్దున్నే నందికొట్కూరు రండి. కర్నూలు నుంచి గుంటూరు పోయే రోడ్డు మీదే. తొమ్మిది నందులున్న ఊరు కాబట్టి ఆ పేరొచ్చిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. చూడ్డానికి మామూలు ఊరే. బస్టాండు, పత్తి మందుల అంగళ్ళు, విత్తనాల అంగళ్ళు, టీ బంకులు. మ్యాపులో మా ఊరు మధ్యలో పెట్టుకుని చుట్టూ చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

మొదట కేసీ కెనాల్. కర్నూలు కడప కాలువ. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ తవ్వించింది, సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట కట్టి. లండన్ జనం పెట్టుబడికి వడ్డీ గ్యారంటీ ఇక్కడి సర్కారుది! పడవలు నడుస్తాయి, సరుకులు పోతాయి, రైతులు నీటికి డబ్బు కడతారు, లాభాలొస్తాయి అని లెక్కలు వేసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే స్టార్టప్ పిచ్ డెక్. లాభాలు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కొనేసుకుంది. కంపెనీ మునిగింది గానీ కాలువ మిగిలింది, నూటయాభై ఏళ్ళుగా కర్నూలు నుంచి కడప దాకా పంటలు పండిస్తూనే ఉంది.

తర్వాత మల్యాల. మా నందికొట్కూరు మండలంలోనే. హంద్రీ నీవా పంపులు ఇక్కడ కృష్ణ నీళ్ళు ఎత్తిపోస్తాయి. 2012లో మొదలైంది. ఇక్కడ ఎత్తిన నీళ్ళు మెట్ట మీద మెట్టుగా అనంతపురం జిల్లా దాటి చిత్తూరు వైపు దాకా పోవాలని ప్లాను. ఆ పక్కనే పగిడ్యాల మండలంలో ముచ్చుమర్రి ఎత్తిపోతలు. కాస్త ముందుకి పోతే పోతిరెడ్డిపాడు. పేపర్లు చదివేవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, రెండు రాష్ట్రాల మధ్య గొడవలన్నీ ఇక్కణ్ణుంచే. మొదట 11 వేల క్యూసెక్కుల రెగ్యులేటరు, తర్వాత 44 వేలకి పెంచారు. అక్కణ్ణుంచి నీళ్ళు బానకచర్ల క్రాస్ దగ్గర మూడు దారులు చీలతాయి. ఒకటి శ్రీశైలం కుడి కాలువ, ఒకటి కేసీ కెనాల్ ఆయకట్టు వైపు, ఒకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగ. ఎండాకాలం పోతే కాంక్రీటు తప్ప ఏమీ కనపడదు. అయినా అక్కడ నిలబడి మ్యాపు తీసి చూడండి. మూడో దారి కండలేరు, పూండి మీదుగా మద్రాసు దాకా పోతుంది. 1983లో ఒప్పందం, 1996లో నీళ్ళు తమిళనాడు సరిహద్దు దాటాయి. వీరాస్వామి ఊరివాళ్ళు తాగే నీళ్ళలో ఆయన దాటిన కృష్ణ కూడా ఉందన్నమాట.

సాయంత్రం రోళ్ళపాడు. బట్టమేకపిట్ట కోసం 1988లో పెట్టిన అభయారణ్యం, మిడుతూరు మండలంలో. మీటరు ఎత్తుండే పక్షి, గడ్డి మైదానాల్లో బతుకుతుంది. కరువు నేల, జొన్న, కొర్ర, ఎండిన గడ్డి, దానికి కావలసినవి అవే. పక్కనే అలగనూరు రిజర్వాయరు వచ్చింది, నీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, గడ్డి నేలలు తగ్గాయి. ఇప్పుడు అక్కడ జింకలు కనపడతాయి, బట్టమేక కనపడటం గగనం. నీళ్ళొద్దని ఏ రైతూ అనడు, అనకూడదు కూడా. నీళ్ళొస్తే ఎవరికి వచ్చాయి, ఎవరు పోయారు అని రెండూ రాసిపెట్టుకోవాలి. టూరు మొత్తం మీద నేను చెప్పదలుచుకుంది ఈ ఒక్క ముక్కే.

మూడో రోజు: సంగమేశ్వరం

పొద్దున ఎండ ఎక్కకముందే బయలుదేరండి. నీళ్ళు, టోపీ, తినడానికి ఏదో ఒకటి దగ్గర పెట్టుకోండి. ఏడు నదులు కలిసే చోటు అంటారు: తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి. భవనాశి ఒక్కటే మగ నది అని చెప్తారు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పే లింగం రాతిది కాదు, వేపచెక్కది. ఏటా నెలల తరబడి నీళ్ళలో ఉండి కూడా చెక్క చెక్కలాగే ఉంది. రిజర్వాయరు వచ్చాక ఇరవై ఏళ్ళకి పైగా ఈ గుడి ఎవరికీ కనపడలేదు. 2003లో నీళ్ళు బాగా తగ్గినప్పుడు బయటపడింది. అప్పటినుంచి పూజారి, భక్తులు నీటిమట్టం చూసుకుని వస్తున్నారు. ఒండ్రు మట్టి కడిగి, సున్నం వేసి, పూజలు చేసి, నీళ్ళు గడప దాకా రాగానే ఆఖరి హారతి ఇచ్చి వెనక్కి జరుగుతారు. శిఖరం మునిగేదాకా గట్టు మీద నిలబడి చూసేవాళ్ళుంటారు.

గుడి చూశాక మామూలుగా జనం వెనక్కి తిరుగుతారు. మీరు మాత్రం గుడికి వీపు పెట్టి నిలబడి చుట్టూ చూడండి. తడారి పగుళ్ళు ఇచ్చిన ఆ నేలంతా ఒకప్పుడు పొలాలు, ఊళ్ళు. శ్రీశైలం డ్యాముకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించారు. రెండు గట్లూ కలిపి వంద పైచిలుకు ఊళ్ళు, లక్షమంది దాకా జనం. ఈ గట్టున మా నందికొట్కూరు, ఆత్మకూరు పక్కవాళ్ళు, ఆ గట్టున కొల్లాపురం, అలంపురం పక్కవాళ్ళు. కృష్ణ ఒడ్డు నల్లరేగడి పొలాలు వదిలి ఎర్ర గరుసు నేలల్లోకి వచ్చినవాళ్ళు. 1986లో ఇంటికొక ఉద్యోగం ఇస్తామని జీవో వచ్చింది, దాని నంబరు 98. ఆ నంబరు పట్టుకుని ధర్నాలు చేసీ చేసీ ముసలివాళ్ళైపోయినవాళ్ళున్నారు. రాళ్ళకి వేసిన నంబర్ల ప్రకారం గుడి మళ్ళీ కట్టగలిగాం. మనుషులకిచ్చిన నంబరుతో ఊరు మళ్ళీ కట్టలేకపోయాం.

చరిత్ర ఇంకా కిందికి కూడా పోతుంది. మా పాత నందికొట్కూరు తాలూకాలోనే తుంగభద్ర కుడి గట్టున సాతానికోట అని ఒక చోటు ఉంది. రిజర్వాయరు రాకముందే చూసేయాలని 1977 నుంచి 1980 దాకా పురావస్తు శాఖవాళ్ళు తవ్వితే శాతవాహనుల కాలం కోట, ఇటుకల గోడ, సింహద్వారం, కందకం బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కింద కూడా ఈ సంగమం చుట్టూ కోట కట్టుకునేంత కలిగిన జనం బతికారన్నమాట. కరువు సీమ అని మనకి మనమే పెట్టుకున్న పేరు మీద అనుమానం వచ్చేది ఇలాంటి చోటే.

ఒక జాగ్రత్త. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు అవతలి గట్టుకి పడవ మీద పోదామని సరదాపడకండి, లైఫ్ జాకెట్లు లేని పడవ అసలే ఎక్కకండి. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య పడవ మునిగి అరవైమంది దాకా చనిపోయారు. వాళ్ళు టూరిస్టులు కారు, గట్లు రెండైపోయినా చుట్టరికాలు, పనులు తెగక అటూ ఇటూ తిరిగే మామూలు జనం. వంతెన కావాలని రెండు గట్లూ అడుగుతూ వచ్చాయి. సిద్ధేశ్వరం, సోమశిల మధ్య వంతెనకి ఇన్నేళ్ళకి, 2022లో కేంద్రం ఒప్పుకుంది.

గైడు ఎవరు?

ఇదీ టూరు. హోటలు కర్నూల్లో, కారు ఒకటి, ఖర్చు ఈజిప్టు వీసా ఫీజంత కూడా కాదు :-) మిగిలింది గైడు సంగతి.

గుళ్ళ గురించి చెప్పేవాళ్ళు దొరుకుతారు, పుస్తకాలున్నాయి. ఊళ్ళ గురించి చెప్పగలిగినవాళ్ళు వేరే. నీళ్ళ వైపు చెయ్యి చాపి మా ఇల్లు అక్కడ, బావి అక్కడ, పీర్లచావిడి అక్కడ, మా నాయన సమాధి ఆ చింతచెట్టు కింద అని చెప్పగలిగినవాళ్ళు. 1981లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. ఊరి పొలిమేరలు, పొలాల పేర్లు, వంకల పేర్లు గుర్తున్న తరం అదే చివరిది. పర్యాటక శాఖ ఎప్పుడైనా సంగమేశ్వరానికి గైడుల్ని పెడితే మొదటి జీతం ముంపు ఊరివాళ్ళకే ఇవ్వాలని నా కోరిక. జీవో 98 బాకీలో అదొక చిన్న వాయిదా.

అప్పటిదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది, అది మనకి చేతనైన పనే. పాత సర్వే మ్యాపుల్ని ఇప్పటి శాటిలైట్ చిత్రాల మీద పెడితే మునిగిన ఒక్కో ఊరి చోటు గుర్తించొచ్చు. ఒక్కో చుక్క మీద ఆ ఊరి పెద్దమనిషి మాట ఒకటి, ఫోన్లో రికార్డు చేసింది, పెట్టొచ్చు. నీళ్ళు తగ్గినప్పుడు ఫోను పట్టుకుని ఆ నేల మీద నడిస్తే ఏ ఊళ్ళో నిలబడ్డామో తెలుస్తుంది. నాలుగు శనివారాల పని, నలుగురు ఉంటే. నందికొట్కూరు, ఆత్మకూరు, కొల్లాపురం, అలంపురం పక్కవాళ్ళు మీ టీముల్లో తప్పకుండా ఎవరో ఒకరు ఉంటారు, అడిగి చూడండి. వాళ్ళ నాన్నో, జేజియో ఆ ఊళ్ళలో పుట్టే ఉంటారు. ముందు వాళ్ళకి ఫోన్ చేయమనండి. మ్యాపు తర్వాతైనా గీసుకోవచ్చు.